కండబలపు గుట్టు తెలిపిన మనీషి – యల్లాప్రగడ సుబ్బారావు

ధర్మవరంలో పొద్దు పొడవకముందే మగ్గం మీద కూర్చున్న నేతగాడు పడుగు నడుమ నాడెను ఒక దరి నుండి మరొక దరికి పోనిస్తూ, పేకను తట్టి బిగిస్తూ, ఒక్క పట్టుచీర ముగిసేసరికి అదే చేతిని వేలమార్లు ఆడిస్తాడు. పెనుకొండ దుర్గం మీదికి ఎక్కే భక్తుడు అడుగు తీసి అడుగు వేసిన ప్రతిసారీ అతని పిక్కలు బిగిసి సడలుతాయి. హిందూపురం మార్కెట్టులో చింతపండు బస్తాను వీపుమీదికి ఎత్తుకొనే హమాలీ నడుము లిప్తకాలంలో ఇనుపకడ్డీ వలె నిటారుగా నిలుస్తుంది. చూడటానికి ఇవి మూడు వేరువేరు పనులు. వీటిని నడిపే సూక్ష్మయంత్రం మాత్రం ఒక్కటే. ఆ యంత్రానికి ఇంధనమూ ఒక్కటే.

కండరపు ప్రతి కణంలోనూ రెండు విధాల మాంసకృత్తుల పోగులు మగ్గం మీది పడుగు వలె బారులు తీరి ఉంటాయి. సన్నని పోగుల పేరు ఆక్టిన్. లావుపాటి పోగుల పేరు మయోసిన్. మయోసిన్ పోగు నిండా చిన్నచిన్న తలలు ఉంటాయి. అవి ఆక్టిన్ పోగును పట్టుకొని, లాగి, విడిచి, మరల పట్టుకొంటూ ముందుకు సాగుతాయి. ఆ ఒక్కొక్క లాగుడుకూ ఒక్కొక్క అణువు చొప్పున ఖర్చయ్యే ఇంధనం అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. దీనినే సంక్షిప్తంగా ఏటీపీ అంటారు. ఈ పదార్థాన్ని తొలుత కండరంలో గుర్తించి లోకానికి తెలిపిన పరిశోధకులలో ఒకడు తెలుగువాడు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు తప్పి, వైద్యవిద్యలో కోరుకొన్న పట్టా దక్కక, పరాయిదేశంలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు కడిగి పొట్టపోసుకొన్న ఆ మనీషి యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన నేటి పశ్చిమగోదావరి జిల్లాలోని భీమవరంలో జన్మించాడు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగవవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ముందుగానే ఉద్యోగం నుండి విరమించుకోవలసి రావడంతో ఇంటిని దారిద్ర్యం ఆవరించింది. బాలుడైన సుబ్బారావుకు చదువుమీద దృష్టి నిలిచేది కాదు. పదమూడేళ్ల వయస్సులో ఇల్లు విడిచి కాశీకి ప్రయాణమయ్యాడు. అక్కడికి వచ్చే యాత్రికులకు అరటిపళ్లు అమ్మి ధనం గడించవచ్చునని ఆ పసిమనస్సు ఊహించింది. దారిలోనే పెద్దలు పట్టుకొని ఇంటికి తీసుకొని వచ్చారు. కుమారుని చదువు విషయంలో తల్లి పట్టుదల అప్పటినుండి మరింత బిగిసింది.

ఆయనకు పద్దెనిమిదేళ్లు వచ్చేనాటికి తండ్రి గతించాడు. వెంకమ్మ కృంగిపోలేదు. తన నగలు అమ్మి కుమారుని చదువు సాగించింది. రాజమహేంద్రవరంలో పట్టుబడని మెట్రిక్యులేషన్ మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాలలో మూడవ ప్రయత్నంలో పట్టుబడింది. పిదప ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుతున్న రోజులలో ఆయన చిత్తం వైరాగ్యం వైపు మళ్లింది. రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలని సంకల్పించాడు. తల్లి అనుమతి ఇవ్వలేదు. తల్లి అనుమతి లేనిదే మఠంలో చేర్చుకోజాలమని స్వాములు తెలిపి, వైద్యం నేర్చి రోగులకు సేవ చేయవలసిందిగా హితవు పలికారు. ఆ మాట ఆయన జీవితానికి దారి చూపింది. సన్యాసి కాలేదు గాని, పరిశోధనాగారాన్నే ఆశ్రమంగా చేసుకొన్నాడు.

మద్రాసు వైద్య కళాశాలలో చేరిన సుబ్బారావుకు చదువుకు తగిన ధనసహాయం కస్తూరి సూర్యనారాయణమూర్తి నుండి లభించింది. ఆయన కుమార్తె శేషగిరితో 1919లో సుబ్బారావు వివాహం జరిగింది. అవి జాతీయోద్యమం ఉవ్వెత్తున లేస్తున్న రోజులు. గాంధీజీ పిలుపు విని సుబ్బారావు విదేశీ వస్త్రాలను విడిచి, శస్త్రచికిత్స నేర్చే గదిలో సైతం ఖద్దరు దుస్తులే ధరించాడు. శస్త్రచికిత్స బోధించే ఆంగ్ల ఆచార్యునికి ఇది కంటగింపు అయింది. దాని ఫలితం పరీక్షలో కనిపించింది. వ్రాత పరీక్షలలో ప్రతిభ చూపినా ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, అంతకన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతా పత్రంతోనే ఆయన సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఈ దశలోనే ఆ కుటుంబం మీద పిడుగుపాటు వంటి విపత్తు వచ్చిపడింది. అన్నదమ్ములలో ఇద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే వ్యాధికి బలి అయ్యారు. అది ఉష్ణమండల ప్రాంతాలలో వ్యాపించే జీర్ణాశయ రుగ్మత. తిన్నది ఒంటబట్టదు, రక్తం క్షీణిస్తుంది, రోగి నీరసించి కన్నుమూస్తాడు. దానికి కారణమేమో, మందేమో నాటి వైద్యులకు తెలియదు. ఆ రోగం సుబ్బారావును కూడ పట్టింది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో ఆయన బ్రతికి బయటపడ్డాడు. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధిస్తూ ఉన్నా, ఆయన మనస్సు మాత్రం సోదరులను బలిగొన్న వ్యాధి చుట్టూనే తిరుగుతూ ఉండేది.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధులను గూర్చి బోధించే విద్యాలయం ఉన్నదని తెలిసి, ఆయన అక్కడికి వెళ్లాలని నిశ్చయించుకొన్నాడు. మామగారూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ వారూ ధనసహాయం చేశారు. మూడేళ్లలో తిరిగివస్తానని చెప్పి, నిండు చూలాలైన ఇల్లాలిని పుట్టింట విడిచి, 1920ల తొలినాళ్లలో ఆయన ఓడ ఎక్కాడు. అటు పిమ్మట ఆ దంపతులు ఒకరినొకరు చూచుకోలేదు. పుట్టిన బిడ్డ ఏడాది నిండకముందే మరణించాడు. ఆ బిడ్డ ముఖం తండ్రి ఎన్నడూ చూడలేదు. సుబ్బారావు సాధించిన విజయాలను లెక్కించేవారు, వాటికి శేషగిరి చెల్లించిన మూల్యాన్ని కూడ లెక్కించవలసి ఉంటుంది.

బోస్టను నగరంలో ఆయనకు విద్యార్థివేతనం లేదు. మద్రాసు పట్టా అక్కడ వైద్యునిగా పనిచేయడానికి చాలలేదు. ఆచార్య రిచర్డ్ స్ట్రాంగ్ ఆదరణ వల్ల చదువు మొదలయింది గాని, భుక్తి గడవాలి. ఒక ఆసుపత్రిలో రాత్రిపూట సేవకునిగా చేరి రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచే పని చేశాడు. పగలు తరగతి గది, రాత్రి ఆసుపత్రి. ఇలా ఉష్ణమండల వైద్యంలో డిప్లమా సాధించి, పిదప జీవరసాయన శాస్త్ర విభాగంలో అడుగుపెట్టాడు. అక్కడ సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి పరిశోధన ప్రారంభించాడు.

వారి ముందున్న తొలి సమస్య చిన్నదిగా కనిపిస్తుంది. రక్తంలోనో, మూత్రంలోనో, కండరంలోనో భాస్వరం ఎంత ఉన్నదో కొలవడం ఎట్లా? భాస్వరం శరీరంలో ఫాస్ఫేట్ రూపంలో ఉంటుంది. అప్పటి పద్ధతులు శ్రమతో కూడినవి. తగినంత నిశితమైనవి కావు. ఫిస్కే, సుబ్బారావులు ఒక సులభోపాయం కనుగొన్నారు. పరీక్షించవలసిన ద్రవానికి ఆమ్లంలో మాలిబ్డేట్ అనే లవణాన్ని చేర్చి, దానికి మరొక రసాయనాన్ని కలిపితే నీలిరంగు పుడుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కబడుతుంది. ఆ రంగు గాఢతను తెలిసిన నమూనాతో పోల్చి చూస్తే ఫాస్ఫేట్ పరిమాణం తేలుతుంది. 1925లో ప్రకటితమైన ఈ విధానం ప్రపంచమంతటా ప్రయోగశాలలలో పాదుకొన్నది. శాస్త్ర పత్రికలలో మిక్కిలిగా ఉదాహరింపబడిన పరిశోధన పత్రాలలో అది ఒకటి.

కొలబద్ద చేతికి వచ్చిన తరువాత దానితో కండరాన్ని కొలిచారు. ఇక్కడ ఒక వింత ఎదురయింది. కండరపు రసంలో నీలిరంగు వెంటనే పూర్తిగా రాలేదు. నిమిషాలు గడిచేకొద్దీ మెల్లమెల్లగా చిక్కబడుతూ వచ్చింది. తొందరపాటుగల పరిశోధకుడైతే ప్రయోగంలో దోషమని త్రోసిపుచ్చి ఉండేవాడు. వారు మాత్రం ఆ ఆలస్యానికి కారణం వెదికారు. కండరంలో ఫాస్ఫేట్‌ను తనలో ఇముడ్చుకొన్న ఒక సున్నితమైన సమ్మేళనం ఉన్నదనీ, అది ఆమ్లంలో నెమ్మదిగా విడిపోతూ ఫాస్ఫేట్‌ను వెలికి వదులుతున్నదనీ తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేసినప్పుడు అది తరిగిపోతుంది. విశ్రాంతి తీసుకొన్నప్పుడు మరల నిండుతుంది. 1927లో వారు ఈ విషయం ప్రకటించారు. ఇంచుమించు అదే కాలంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడ ఈ పదార్థపు జాడను గుర్తించారు.

ఈ ఆవిష్కరణ ప్రాముఖ్యం తెలియాలంటే అప్పటి శాస్త్రలోకపు నమ్మకం తెలియాలి. కండరంలోని గ్లైకోజన్ లాక్టిక్ ఆమ్లంగా మారడమే కండర చలనానికి మూలమని పండితులు భావించేవారు. కండర పరిశోధనకు ఆర్చిబాల్డ్ హిల్, ఆటో మయర్‌హోఫ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1922 సంవత్సరపు నోబెల్ బహుమానం అందుకొని ఉన్నారు. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడటంతో ఆ లాక్టిక్ ఆమ్ల సిద్ధాంతానికి బీటలు పడ్డాయి. 1930లో డెన్మార్కు శాస్త్రవేత్త ఐనార్ లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా ఆపివేసినా కండరం ముడుచుకోగలదని నిరూపించడంతో ఆ సిద్ధాంతం కూలిపోయింది.

అంతకు ముందే, 1929లో, ఫిస్కే, సుబ్బారావులు కండరం నుండి మరొక భాస్వర సమ్మేళనాన్ని వేరుచేసి ప్రకటించారు. అదే ఏటీపీ. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. అందుచేత ఈ ఆవిష్కరణ కీర్తి ఇరుపక్షాలకూ చెందుతుంది. ఏటీపీ అణువుకు మూడు ఫాస్ఫేట్ల తోక ఉంటుంది. కొసన ఉన్న ఫాస్ఫేట్ తెగిపడినప్పుడు శక్తి విడుదల అవుతుంది. కండరంలో నిలువ ఉండే ఏటీపీ తీవ్రశ్రమకు కొద్ది క్షణాలకు మాత్రమే చాలుతుంది. అది తరగగానే ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేట్‌ను అప్పుగా ఇచ్చి దానిని తిరిగి నిలబెడుతుంది. హమాలీ బస్తాను ఒక్క ఊపున పైకెత్తగలగడం ఈ రెండింటి పొత్తువల్లనే. ఆ వెనుక ఆహారమూ, శ్వాసలోని ప్రాణవాయువూ కలిసి ఏటీపీని నిరంతరం పునర్నిర్మిస్తూ ఉంటాయి.

ఇంధనం దొరికింది; యంత్రం దొరకవలసి ఉన్నది. 1939లో రష్యాలో ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా దంపతులు మయోసిన్ అనే మాంసకృత్తే ఏటీపీని ఛేదిస్తుందని తెలిపారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో హంగరీలోని సెగెడ్ నగరంలో ఆల్బర్ట్ సెంట్ జార్జి, ఆయన సహచరుడు స్ట్రౌబ్ ఆక్టిన్‌ను వేరుచేశారు. ఆక్టిన్, మయోసిన్‌లతో చేసిన దారపు తునక మీద ఏటీపీని చిలకరించగా, జీవంలేని ఆ దారం కండరం వలె ముడుచుకొన్నది. 1954లో ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కే ఒక జంటగా, హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ మరొక జంటగా మరో రహస్యం విప్పారు. కండరం బిగిసేటప్పుడు పోగుల పొడవు తగ్గదు. సన్నని పోగులు లావుపాటి పోగుల నడుమకు జారుతాయి.

ఆ జారుడు ఎట్లు జరుగుతుందో నేడు స్పష్టంగా తెలుసు. మయోసిన్ తల ఆక్టిన్‌ను గట్టిగా పట్టుకొని ఉన్న స్థితిని ఊహించుకోవాలి. ఏటీపీ వచ్చి ఆ తలలో కూర్చోగానే పట్టు సడలి తల ఆక్టిన్‌ను విడిచిపెడుతుంది. అనంతరం ఏటీపీ రెండు ముక్కలవుతుంది. ఆ శక్తితో తల ఎక్కుపెట్టిన విల్లు వలె సిద్ధమవుతుంది. పిదప అది ఆక్టిన్ మీద మరొక చోట తాకుతుంది. తెగిన ఫాస్ఫేట్ బయటకు పోతూ ఉండగా తల వంగి పోగును లాగుతుంది. ఆ లాగుడు నిడివి పది నానోమీటర్లకు లోపు. అనగా మిల్లీమీటరులో లక్షవ వంతుకు మించదు. ఇటువంటి తలలు కోట్లకొలదిగా కలిసి పనిచేస్తేనే నేతగాని చేయి ఒక్కసారి కదులుతుంది.

ఈ క్రమంలో గమనింపదగిన విశేషం ఒకటి ఉన్నది. ఏటీపీ చేసే మొదటి పని పట్టు విడిపించడం. పట్టు వదలనిదే తరువాతి అడుగు పడదు. ప్రాణం పోయిన కొన్ని గంటలకు దేహం కట్టెవలె బిగుసుకుపోవడానికి కారణమిదే. ఏటీపీ అయిపోవడంతో మయోసిన్ తలలు ఆక్టిన్‌ను పట్టిన పట్టు విడువలేక అలాగే నిలిచిపోతాయి.

మయోసిన్ కేవలం కండరానికే పరిమితం కాదు. ప్రాణి శరీరంలోని ఇతర కణాలలో సైతం ఆక్టిన్ పోగులు దారుల వలె పరచుకొని ఉంటాయి. వాటిమీద మయోసిన్ జాతికి చెందిన కొన్ని అణువులు బరువులు మోస్తూ సాగుతాయి. 1983లో అమెరికాలో మైకేల్ షీట్జ్, జేమ్స్ స్పూడిచ్ అనే శాస్త్రజ్ఞులు మయోసిన్ పూసిన సూక్ష్మమైన పూసలు, నైటెల్లా అనే నాచుమొక్క కణంలోని ఆక్టిన్ దారుల వెంట తమంతట తాము పరుగెత్తడం సూక్ష్మదర్శినిలో చూచారు. ఐదవ తరగతి మయోసిన్‌కు రెండు కాళ్ల వంటి రెండు తలలు ఉంటాయి. అది వెనుక కాలిని ముందుకు వేస్తూ, అడుగుకు 36 నానోమీటర్ల చొప్పున నడుస్తుందని 2003లో నిర్ధారణ అయింది. పెనుకొండ ఎక్కే మనిషి నడకకూ, అతని కణంలోని ఈ అణువు నడకకూ పోలిక ఆశ్చర్యం కలిగిస్తుంది. చర్మానికి వన్నెనిచ్చే రంగు రేణువులను కణంలో గమ్యానికి చేర్చేది ఇటువంటి కూలీయే. దాని కూలి అడుగుకొక ఏటీపీ.

మయోసిన్ ఏటీపీని ఎంత వేగంగా ఖర్చుచేస్తున్నదో తెలుసుకొనడానికి, తెగిపడిన ఫాస్ఫేట్‌ను కొలవడం ఒక మార్గం. అందుకు దశాబ్దాల తరబడి శాస్త్రజ్ఞులు వాడిన సాధనం సుబ్బారావు పాల్గొని రూపొందించిన ఆ నీలిరంగు పరీక్షయే. ఇంధనాన్ని కనుగొన్నవాడే దాని ఖర్చును లెక్కించే తక్కెడను కూడ లోకానికి ఇచ్చాడు.

ఇంతటి కృషి చేసిన సుబ్బారావు 1930లో డాక్టరేట్ పట్టా పొందాడు. ఆ తరువాత పదేళ్లు హార్వర్డులోనే శ్రమించినా ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి లభించలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలు సకాలంలో వెలుగు చూడలేదనీ, ఇతరులు వాటిని ఏళ్ల తరువాత మరల కనుగొనవలసి వచ్చిందనీ, హార్వర్డులో ఆయన సమకాలికుడూ, 1988లో నోబెల్ పొందినవాడూ అయిన జార్జ్ హిచింగ్స్ అనంతర కాలంలో అభిప్రాయపడ్డాడు. సుబ్బారావు ఫిర్యాదులతో కాలం గడపలేదు. పట్టు విడిచి మరొక అడుగు వేశాడు. 1940లో న్యూయార్కు సమీపంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ఔషధ పరిశోధనాలయంలో చేరి, రెండేళ్లకే పరిశోధనలకు అధిపతి అయ్యాడు.

అక్కడ ఆయన పాత బాకీ తీర్చుకొనడానికి పూనుకొన్నాడు. రక్తక్షీణతను మాన్పే పదార్థమేదో కాలేయంలో ఉన్నదని వైద్యులు ఎరుగుదురు. సుబ్బారావు నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కాలేయం నుండి శుద్ధరూపంలో వేరుచేసి, దాని నిర్మాణాన్ని తేల్చి, 1945లో ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసింది. ఆ మందు స్ప్రూ రోగులకు ప్రాణదానం చేసింది. సోదరుల చితాగ్ని సాక్షిగా మొదలైన అన్వేషణ పాతికేళ్ల అనంతరం ఫలించింది. గర్భిణులకు నేడు ఇచ్చే ఫోలిక్ ఆమ్లపు మాత్ర, కడుపులోని శిశువుకు వెన్నుపాము లోపాలు రాకుండ కాపాడుతున్నది.

ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డగించే పదార్థాలను కూడ ఆ బృందం నిర్మించింది. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరుతో బాధపడే పసిపిల్లలకు ఇచ్చి చూచాడు. కొందరిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించాడు. క్యాన్సరును మందుతో ఎదుర్కొనవచ్చుననే ఆశకు అది నాంది. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సరుకూ, కీళ్లవాతానికీ వాడుకలో ఉన్నది. కోస్తా జిల్లాలను పీడించిన బోదకాలు వ్యాధికి మందైన హెట్రజాన్ 1947లో ఆ పరిశోధనాలయం నుండే వెలువడింది. డెబ్బై ఏళ్లు పైబడిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌ను సుబ్బారావు ఆదరించి అవకాశమిచ్చాడు. ఆ వృద్ధుడు మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవ నాశకాన్ని కనుగొన్నాడు. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అది మొట్టమొదటిది.

ఈ విజయాలను ప్రకటించిన పత్రాలలో అనేకం సహచరుల పేర్లతోనే వెలువడ్డాయి. తన పేరు ముందుండాలని సుబ్బారావు ఆరాటపడలేదు. భారతీయులకు అమెరికా పౌరసత్వం పొందే అవకాశం 1946లో కలిగినా ఆయన దానిని స్వీకరించలేదు. కడవరకూ భారతీయుడుగానే ఉండిపోయాడు. స్వదేశానికి తిరిగిరావడం మాత్రం జరగలేదు. 1948 ఆగస్టు నెలలో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి ఆయన కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. శేషగిరి ఎదురుచూపు పాతికేళ్లకు అలా ముగిసింది.

గుండె కూడ ఒక కండరమే. ఆక్టిన్, మయోసిన్, ఏటీపీ మూడూ కలిసి దానిని ఆడిస్తాయి. గుండె మయోసిన్‌లో పుట్టుకతో వచ్చే లోపం వల్ల కొందరికి గుండె గోడలు మందమవుతాయి. అటువంటి రోగులలో మయోసిన్ మితిమీరిన పనిని తగ్గించే మావాకామ్టెన్ అనే మందును 2022లో అమెరికా ప్రభుత్వం ఆమోదించింది. ఇంధనాన్ని గుర్తించడంతో మొదలైన జ్ఞానం ఈనాడు యంత్రాన్నే చక్కదిద్దే స్థాయికి ఎదిగింది.

సుబ్బారావుకు నోబెల్ బహుమానం లభించలేదు. 1953లో శాస్త్రజ్ఞులు ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసెస్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది. ఆయన సేవకు ఇవి చాలునా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. అయితే ఆయన స్మారకం మరొక చోట ప్రతిక్షణం నిలిచి ఉన్నది. పరీక్ష తప్పిన విద్యార్థి మరల కలం పట్టినప్పుడు ఆ వేళ్లను కదిలించేది ఏటీపీ. ధర్మవరపు నేతగాడు ఆడించిన నాడెలోనూ, పెనుకొండ బాటసారి వేసిన అడుగులోనూ, హిందూపురం హమాలీ మోసిన బరువులోనూ ఖర్చయ్యేది అదే. రంగు రావడం ఆలస్యమైనప్పుడు ప్రయోగాన్ని త్రోసిపుచ్చక, ఆ ఆలస్యంలోనే సత్యాన్ని వెదికిన ఓర్పు సుబ్బారావుది. ఫలితం ఆలస్యమైనంత మాత్రాన కృషి వ్యర్థమని భావించరాదన్నది ఆయన జీవితం విద్యార్థిలోకానికి అందించే పాఠం.